పాత చీరలతో హక్కుల బొంత: బెంగుళూరులో 36 మంది కలిసి కుట్టడం ఎలా (కొలతలతో సహా మొత్తం)

మారతహళ్ళి దగ్గర మున్నేకొళాలలో మేము ఇప్పటిదాకా రెండు బొంతలు కుట్టాం. ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, గార్మెంట్స్‌కి పోయేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు, మనవళ్ళని చూసుకోడానికి ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మలు, ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు వాళ్ళే. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు, వాళ్ళ తెలుగులో సగం కన్నడ ఉంటది, వింటుంటే భలే బాగుంటది. ఒక్కొక్కరు ఒక్కో గుడ్డముక్క మీద తనకి దక్కాల్సిన హక్కు ఒకటి కుట్టారు, అన్నీ కలిపితే ఆరున్నర అడుగులు దాటిన బొంత అయింది. ఎలా చేశారు, మా ఏరియాలో కూడా చేద్దామనుకుంటున్నాం అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

బొంతే ఎందుకు

మేము మొదట గోడ మీద బొమ్మ వేద్దామనుకున్నాం. కానీ గోడకి పర్మిషన్ కావాలి, రంగులకి డబ్బు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా బొమ్మలు వచ్చిన ఇద్దరు ముగ్గురే బ్రష్ పట్టుకుంటారు, మిగతావాళ్ళు చుట్టూ నిలబడి బాగుంది బాగుంది అంటారు. బొంత అట్లా కాదు. సూదిలో దారం ఎక్కించడం రాని ఆడది మా గుంపులో ఒక్కరూ లేరు. ముక్కని కవర్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చు, పాప పడుకున్నాక పది నిమిషాలు కుట్టుకోవచ్చు, ఎవరైనా వస్తే మడిచి పక్కన పెట్టేయొచ్చు. ఆఖరి మాట చిన్నగా అనిపించొచ్చు గానీ, ఇంట్లో తెలియకుండా మా దగ్గరికి వచ్చిన వాళ్ళకి అదే చాలా పెద్ద విషయం.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. బీహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఊరి ఆడవాళ్ళు పాత గుడ్డలతో చేసే సుజనీ (అక్కడి బొంత) మీద కట్నం, ఆడపిల్లల భ్రూణహత్యల లాంటివి ఏళ్ళ తరబడి కుడుతున్నారు. చిలీలో 1973లో మిలిటరీ వాళ్ళు ప్రభుత్వాన్ని కూల్చాక మాయమైపోయిన కొడుకుల కోసం, భర్తల కోసం ఆడవాళ్ళు గోనెగుడ్డ మీద బట్టపేలికలతో బొమ్మలు కుట్టి బయట దేశాలకి పంపించారు, అక్కడ ఏం జరుగుతోందో లోకానికి అట్లా కూడా తెలిసింది. మన బెంగుళూరులోనే 2003లో మొదలైన, వీధుల్లో వేధింపుల మీద పనిచేసే బ్లాంక్ నాయిస్ అనే గుంపు వాళ్ళు, వేధింపు జరిగినప్పుడు తాము వేసుకున్న బట్టలనే ఆడవాళ్ళు తెచ్చి ఇచ్చేలా ఒక ప్రాజెక్టు నడిపారు, నీ బట్టల వల్లే అయింది అన్న మాటకి ఆ బట్టలే జవాబు అన్నమాట. మాకు ధైర్యం ఇచ్చింది ఇవే.

మనుషులు, టైము, చోటు

36 మంది ఒకేసారి దొరకరు. మేము ఎనిమిది మందితో మొదలుపెట్టాం, ఒకరు ఇంకొకర్ని పిలుచుకొచ్చారు. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెడితే సాఫ్ట్‌వేర్ వాళ్ళే వస్తారు, అక్కలు రావాలంటే వాళ్ళు పనులు ముగించుకుని బస్టాప్‌లో నిలబడే టైముకి పోయి మాట్లాడాలి. గార్మెంట్స్ వాళ్ళకి ఆదివారం తప్ప కుదరదు, అందులోనూ పొద్దున బట్టలు ఉతుక్కోవడం, వంట, అన్నీ అయ్యేసరికి మూడవుతుంది. అందుకే మాది ఆదివారం మూడున్నర నుంచి ఐదున్నర, దాటితే పిల్లల టిఫిన్లు, ఇంట్లో మాటలు.

బస్సు ఖర్చు గురించి ముందే ఆలోచించండి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి బస్సులో జీరో టికెట్ (ఉచిత ప్రయాణం) ఉంది కదా అనుకుంటాం, కానీ అది ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టు కార్డు ఉన్నవాళ్ళకే. మన వాళ్ళలో చాలామంది ఆధార్ ఇంకా ఆంధ్రా అడ్రస్‌తోనే ఉంటది, వాళ్ళు టికెట్ కొనాల్సిందే, సిగ్గుపడి చెప్పరు. మేము టీ డబ్బుల్లోంచే అడక్కుండా ఇచ్చేవాళ్ళం.

చోటు ఎవరింట్లోనూ వద్దు. ఎవరింట్లో కూర్చుంటే వాళ్ళే ఇంటావిడ, మిగతావాళ్ళు చుట్టాలో పనివాళ్ళో అయిపోతారు. ఒక అక్క, తను గిన్నెలు తోమే అపార్ట్‌మెంట్ హాల్లోనే మీటింగ్ అంటే గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది, మాకు అప్పుడు గానీ తట్టలేదు. అంగన్‌వాడీ గది, చర్చి హాలు, సముదాయ భవనం, ఏదైనా సరే, అందరూ కిందే చాప మీద కూర్చోవాలి, బాత్‌రూమ్ ఉండాలి, పిల్లలు ఆడుకోడానికి మూల ఉండాలి. పిల్లల్ని చూసుకునే పని ప్రతివారం ఒకరు వంతుగా తీసుకోండి, మగపిల్లలున్న ఇంటి నుంచి కాలేజీ కుర్రాడు వస్తే వాడికే అప్పజెప్పండి.

సూది కంటే ముందు మాట

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి. మేము మూడు వారాలు సూది ముట్టుకోలేదు. మొదటిరోజే మీ హక్కు ఏంటో కుట్టండి అంటే అందరూ గులాబీ పువ్వు, పక్కన స్త్రీ శక్తి అని కుడతారు. తప్పు వాళ్ళది కాదు, అడిగే పద్ధతిది.

మేము ఎవరికి వాళ్ళు ఒక పాత చీర తెచ్చుకోమన్నాం, అది ఎప్పుడు కట్టుకున్నారో చెప్పమన్నాం. అంతే. పెళ్ళి తర్వాత మొదటి ఉగాదికి అమ్మ పెట్టిన చీర, డెలివరీ అయి పనికి తిరిగి పోయిన రోజు కట్టుకున్నది, స్టేషన్‌కి పోయినరోజు కట్టుకున్నది. చీర దగ్గర మొదలైన మాట తనంతట తనే అసలు విషయానికి వస్తుంది. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, 1992లో దూబగుంటలో లేచిన సారా ఉద్యమం వాళ్ళ ఊరికి ఎట్లా వచ్చిందో చెప్పింది, చీపుర్లు పట్టుకుని సారా ప్యాకెట్ల బండిని తిప్పి పంపించారంట. 1993 అక్టోబర్‌లో ఆంధ్రా అంతా సారా ఆపేశారు కదా, అది మేము ఆపిందే అని ఆమె చెప్తుంటే ఇరవై ఏళ్ళ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఇంకో అక్క 2016 ఏప్రిల్‌లో హోసూర్ రోడ్డు మీద కూర్చున్న గార్మెంట్స్ వాళ్ళలో ఉంది. పీఎఫ్‌లో కంపెనీ వేసే భాగం 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని రూల్ పెడితే వేలమంది ఆడవాళ్ళు రోడ్డెక్కారు, కేంద్రం ఆ రూల్ వెనక్కి తీసుకుంది. ఆమె ముక్క మీద ఉన్నది ఒక రోడ్డు, ఒక జత చెప్పులు.

కథ చెప్పాక ఒక్క ప్రశ్న అడగండి: "అక్కా, ఆరోజు ఏం ఉండుంటే నీకు అట్లా అయ్యుండేది కాదు?" దానికి వచ్చే జవాబే హక్కు. "మా అన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టేశా" అని చెప్పిన అక్క జవాబు, "అందులో ఏముందో చదివి చెప్పే మనిషి" అని. ఆమె కుట్టింది ఒక కళ్ళద్దాల జత, కింద "చదివినాకే సంతకం".

ఇక్కడ ఒక జాగ్రత్త. చట్టంలో ఉన్నది ఉన్నట్టు తెలుసుకునే కుట్టాలి, ఎందుకంటే రేపు ఇది చూసేవాళ్ళు నిజమని నమ్ముతారు. మా గుంపులో ఎక్కువగా వచ్చినవి చెప్తా. తండ్రి వాళ్ళ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా, హిందూ కుటుంబాల్లో దేశమంతటికీ ఇది 2005 సవరణతో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ అయితే 1985 నుంచే అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఇచ్చింది, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2005 గృహహింస చట్టం ప్రకారం కాపురముంటున్న ఇల్లు భార్య పేరు మీద లేకపోయినా ఆమెని ఊరికే గెంటేయకూడదు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట లైంగిక వేధింపుల కంప్లయింట్లకి కమిటీ ఉండాలి, అది 2013 చట్టం, ఇంటిపని చేసేవాళ్ళు జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్ళొచ్చు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. ఈ చివరిది మాలో ఎవ్వరికీ తెలీదు, డిగ్రీలు ఉన్నవాళ్ళకి కూడా.

దీంట్లోంచే మాకు రంగుల ఐడియా వచ్చింది. చట్టం ఇప్పటికే ఇచ్చిన హక్కు అయితే ముక్క చుట్టూ పచ్చదారం, ఇంకా కొట్లాడి తెచ్చుకోవాల్సింది అయితే ఎర్రదారం. ఇంటిపని అక్కలకి వారానికో సెలవు, అది ఎరుపు. ఇంటిపనికి కనీస వేతనం, కర్ణాటక 2004లోనే ప్రకటించింది, కాబట్టి పచ్చ, కానీ మా అక్కలెవరికీ చేతికి రాలేదు, అందుకని ఆ ముక్క కుట్టిన అక్క పచ్చ ఎరుపు రెండు దారాలూ మెలేసి కుట్టింది. ఈ రంగుల గొడవలో మేము మాట్లాడుకున్నంత ఏ మీటింగ్‌లోనూ మాట్లాడుకుని ఉండం.

మాటల్లో కొన్నిసార్లు ఇంకా ఆగని దెబ్బల సంగతి బయటికి వస్తుంది. అప్పుడు బొంత సంగతి వదిలేయండి. ఆ మనిషిని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి 181 (మహిళా హెల్ప్‌లైన్), అర్జెంటైతే 112, ఈ నంబర్లు ఇవ్వండి, ఆమె ఫోన్‌లో సేవ్ చేసేముందు అడగండి, ఎందుకంటే కొందరి ఫోన్లు ఇంట్లో చెక్ చేస్తారు. మేము నంబర్లని టీ పొడి ప్యాకెట్ మీద రాసి ఇచ్చాం.

ఎవరి ముక్క వాళ్ళదే

కుట్టడం మొదలుపెట్టకముందే నాలుగు సంగతులు ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసిపెట్టుకోండి, అందరి ముందు అడిగితే అందరూ సరే అంటారు. పేరు వేయాలా వద్దా, ముక్క ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా, మనిషి మొహం కనిపించొచ్చా, ఎక్కడ చూపించొచ్చు ఎక్కడ వద్దు. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించండి. మనసు మారితే ఎప్పుడైనా ముక్క వెనక్కి తీసుకోవచ్చని చెప్పండి, బొంత పూర్తయ్యాక అడిగినా సరే కుట్లు విప్పి ఇచ్చేయాలి.

మొదటి బొంత చూపించిన రోజు బయట నుంచి వచ్చిన ఒక గ్రూపు వాళ్ళు మా అక్కల మొహాలు కనపడేలా ఫోటోలు తీసి పెట్టేశారు. ఒకామె మరిది చూశాడు. మేము ఫోన్లు చేసి తీయించేలోపే ఆ ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది. ఆమె ముక్క వెనక్కి తీసేసుకుంది, ఆ చోట ఇప్పటికీ ఉత్త తెల్లగుడ్డ ఉంది, మేము ఇంకో ముక్క పెట్టలేదు. రెండోసారి నుంచి గుమ్మం దగ్గరే ఫోన్ల బుట్ట పెడుతున్నాం.

ఇంకోటి, అన్యాయం చేసినవాడి పేరు ముక్క మీద కుట్టాలని కొందరికి ఉంటుంది, కోపం న్యాయమైందే, కానీ దానివల్ల కేసు, గొడవ మళ్ళీ ఆమె మీదకే వస్తాయి. అత్యాచారం జరిగిన మనిషి పేరు గానీ గుర్తుపట్టే వివరాలు గానీ వేరేవాళ్ళు బయటపెడితే అది నేరం, చిన్నపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త.

గుడ్డ, దారం, కొలత

కాటన్ చీరలే తీసుకోండి. పాత పట్టుచీర మడతల దగ్గర చిట్లిపోతుంది, సింథటిక్ అయితే ఇస్త్రీ పెట్టగానే ముడుచుకుపోతుంది, సూది కూడా జారుతుంది. ఎవరైనా పట్టుచీర తోనే కుడతా అంటే కాదనకండి, అడుగున పలచటి కాటన్ గుడ్డ పెట్టి టాకాలు వేసి ఇవ్వండి.

రంగు పోతుందా లేదా చూడాలి. చీర కొసని వేడినీళ్ళలో ముంచి తెల్లగుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు, ఈ నాలుగే మోసం చేసేవి. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుతుందంటారు, మాకు ఆగలేదు, ఒక మెరూన్ ముక్క పక్కనున్న మూడింటిని పాడు చేసింది. రంగు పోయే చీర అయితే రెండు మూడుసార్లు ఉతికి మళ్ళీ చూడండి, అప్పటికీ పోతుంటే అందులోంచి చిన్న పువ్వంత ముక్క కూడా వాడకండి.

ఒక్కో ముక్క 14 అంగుళాల చదరం కత్తిరించండి. లోపల 12 అంగుళాల చదరం చాక్‌పీసుతో గీయండి, చుట్టూ అంగుళం అతుకులోకి పోతుంది. బొమ్మ ఆ గీత లోపల ఇంకో అర అంగుళం వదిలి ఉండాలి, ఇది పదిసార్లు చెప్పినా సరిపోదు, మా మొదటి బొంతలో ఒక పాప రిబ్బను, రెండు "హక్కు"ల చివరి అక్షరాలు కుట్టులో పోయాయి. ఆరు వరసలు, వరసకి ఆరు ముక్కలు, 72 అంగుళాలు అంటే ఆరడుగులు. చుట్టూ 4 అంగుళాల చీర అంచు వేస్తే మొత్తం 80 అంగుళాలు. ఆ అంచుకి ఎనిమిది మీటర్ల పైనే కావాలి, ఒక చీరకి రెండు అంచులు కాబట్టి ఒక్క చీర సరిపోతుంది. వెనక వైపుకి కూడా ఒక్క చీరే చాలు, 84 అంగుళాల ముక్కలు రెండు తీసి పక్కపక్కన కలిపేయడమే. మధ్యలో పాత డబుల్ బెడ్‌షీట్, అది మెత్తబడినదైతే సూది హాయిగా దిగుతుంది.

దారం ఎంబ్రాయిడరీ లచ్చీలు, ఆరు పోగులు ఉంటాయి, రాతకి రెండు పోగులు, బొమ్మకి మూడు. చిక్‌పేటలో హోల్‌సేల్‌గా తెస్తే బాగా తక్కువలో అయిపోతుంది. సూదులు ఎక్కువ తెచ్చుకోండి, కన్ను పెద్దగా ఉన్నవి, పెద్దమ్మలకి దారం ఎక్కించి ఇచ్చే పని పిల్లలకి ఇష్టం.

బొమ్మ, రాత

బొమ్మ రానివాళ్ళకి బొమ్మ గీసి ఇవ్వకండి. వాళ్ళ చెయ్యి గుడ్డ మీద పెట్టి చుట్టూ గీసుకోమనండి, గరిటె, తాళంచెవి, గాజు, టిఫిన్ బాక్సు, ఏది పెట్టి గీసినా బొమ్మే. లేదా వేరే చీరలోంచి పువ్వు కత్తిరించి అంటించి అంచు కుట్టుకోవచ్చు. గీత మీద గొలుసు కుట్టు, లోపల నింపడానికి మామూలు సాదా కుట్టు, ఈ రెండూ చాలు, సుజనీ వాళ్ళదీ ఇదే పద్ధతి.

తెలుగు అక్షరాలు కుట్టడం వేరే పని. అన్నీ గుండ్రాలు, పొడుగు కుట్టు వేస్తే గుండ్రం కాస్తా మూలలు తేలి పలకలాగా అవుతుంది. వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్), బియ్యపుగింజలో సగం అంత చిన్నగా వేయండి. అక్షరం ఎత్తు ఒకటిన్నర అంగుళానికి తగ్గకూడదు, ఒత్తులకి కింద ముప్పావు అంగుళం వదలాలి, లేకపోతే "స్త్రీ" కింద లైనులోకి దిగిపోతుంది. ముక్క మీద నాలుగైదు మాటలకి మించి పట్టవు, అది మంచిదే. రాయడం రాని అక్క చెప్పిన మాటని రాసిచ్చేటప్పుడు ఆమె అన్నట్టే రాయండి, "కొట్టొద్దు" అంటే కొట్టొద్దే, దాన్ని హింసను ఖండిద్దాం అని మార్చకండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి బొంతప్పుడు ఒక అక్క అక్షరాలు బాగా వంకరగా వచ్చాయి, చూసేవాళ్ళకి అర్థం కావాలి కదా అని రాత్రి నేను కూర్చుని విప్పి నీటుగా మళ్ళీ కుట్టా. మంచి చేశాననే అనుకున్నా. తర్వాతి ఆదివారం ఆమె దాని మీద వేలు పెట్టి నిదానంగా తడిమి, "ఇది నా చెయ్యి కాదులే అమ్మా" అని పక్కన పెట్టేసింది. రెండు వారాలు రాలేదు. నేను వాళ్ళింటికి పోయి, ఆమె ముందే నా కుట్లన్నీ విప్పి, ఉత్త గుడ్డ చేతిలో పెట్టి తప్పయింది అక్కా అన్నా. మళ్ళీ కుట్టింది, ముందుకంటే వంకరగా. బొంతలో అందరూ ముందు ఆగేది ఆ ముక్క దగ్గరే. కలిసి చేసే పనిలో బాగా వచ్చినవాళ్ళు ఏం చేయాలి అని అడిగితే నా సమాధానం ఒకటే, చేతులు కట్టుకుని కూర్చోవాలి, అడిగితేనే చూపించాలి, అదీ వేరే గుడ్డ మీద.

కలపడం

ముక్కలన్నీ నేల మీద పరిచి ఎవరి పక్కన ఎవరు ఉండాలో అందరూ కలిసి చూసుకోండి. మేము ఎరుపులన్నీ ఒకచోట రాకుండా చూశాం. ఒక తల్లీ కూతురూ మాత్రం పక్కపక్కనే కావాలన్నారు.

ముందు వరసలు, తర్వాత వరసల్ని వరసలకి. ఈ అతుకులు మెషిన్ మీద వేయించుకోవడమే మేలు, గార్మెంట్స్ అక్కలు గంటన్నరలో అవగొట్టారు, గీత మీద ఒక్క దారం అటూ ఇటూ పోలేదు. అతుకు మడతల్ని ఒక వరసలో కుడికి, తర్వాతి వరసలో ఎడమకి ఇస్త్రీ చేయండి, కూడలి దగ్గర లావెక్కదు. చుట్టూ అంచు వేశాక వెనక చీరని బోర్లా పరిచి, దానిమీద బెడ్‌షీట్, పైన ముక్కల పొర. నడిమి నుంచి బయటికి చేత్తో సర్దుకుంటూ జానెడుకో టాకా వేయండి, అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు వస్తుంది.

ఇక చుట్టూ ఎనిమిది మంది కూర్చుని మూడు పొరలూ కలిపి సాదా కుట్టు. అతుకు గీతల పక్కనే కుట్టండి, బొమ్మల మీదుగా వద్దు. మాకు నాలుగు ఆదివారాలు పట్టింది, పాటలు, ఊరి కబుర్లు, ఏడుపులు అన్నీ అయ్యాయి. ఉత్తర కన్నడలో హళియాళ, యల్లాపుర వైపు సిద్ది (ఆఫ్రికా మూలాలున్న జనం) ఆడవాళ్ళు బొంత మూలల్లో ఫూల అని చిన్న గుడ్డపువ్వులు పెట్టందే బొంత పూర్తయినట్టు ఒప్పుకోరు. మేమూ నాలుగు మూలలకి పెట్టాం.

చూపించడం, దాచడం

వెనక పైఅంచున ఐదు అంగుళాల వెడల్పు గుడ్డగొట్టం కుట్టి వెదురుకర్ర దూర్చండి, మేకులు కొడితే బరువుకి చిరుగుతుంది. మార్చి 8న అందరూ చేస్తారు, ఆరోజు మన బొంతని ఎవరూ నిలబడి చూడరు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 దాకా ఆడవాళ్ళ మీద హింసకి వ్యతిరేకంగా 16 రోజులు జరుపుతారు, లేదా జనవరి 3, సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు, అవి మంచి టైములు. బెంగుళూరులో నిరసన అంటే ఫ్రీడమ్ పార్కే, ముందుగా పోలీసులకి చెప్పి పర్మిషన్ తీసుకోవాలి. మాకు మాత్రం పెద్ద చోట్ల కంటే గార్మెంట్స్ వాళ్ళుండే వఠారంలో, రెండు మేడల మధ్య తాడుకి కట్టిన సాయంత్రమే ఎక్కువ నచ్చింది, ఆడవాళ్ళు కిందికి దిగి వచ్చి వేలు పెట్టి చదువుకున్నారు. పక్కన ఒక మనిషి కుర్చీలో ఉండాలి, పచ్చ అంటే ఏంటి ఎరుపు అంటే ఏంటి చెప్పడానికి, 15100 రాసిన చీటీలు ఇవ్వడానికి.

ఎవరైనా కొంటాం అంటే ముందు 36 మందినీ అడగాలి, ఒక్కరు వద్దన్నా వద్దే. మాది అమ్మలేదు, నెలకొకరింట్లో ఉంటుంది. ఉతకాల్సి వస్తే చల్లనీళ్ళు, కుంకుడురసం, పిండకూడదు, నీడలో చాప మీద పరిచి ఆరబెట్టాలి. దాచేటప్పుడు ఒకే మడత మీద మడవకండి, ప్రతిసారీ మడత మార్చండి, మధ్యలో ఎండిన వేపాకు పాత గుడ్డలో మూటకట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, బెంగుళూరు వానాకాలం చెమ్మకి బూజు పడుతుంది, పాత కాటన్ దిండుగలీబు చాలు.